సైకిలుకూ ఒక నంబరుంది

సంపాదకులకు నమస్కారం.

సైకిలు పోయిందని పోలీసు స్టేషన్‌కు వెళితే ముందుగా వినబడే ప్రశ్న "నంబరెంత?" అని. సైకిలుకు నంబరేమిటి సార్ అని పోగొట్టుకున్నవాళ్లు తెల్లమొహం వేస్తారు. చివరికి ఫిర్యాదులో "నలుపు రంగు గేర్ సైకిలు ఒకటి" అని మాత్రమే పడుతుంది. తిరుపతిలో నలుపు రంగు గేర్ సైకిళ్లు ఎన్ని లేవు! రేపు దొంగ దొరికి, వాడి దగ్గర అయిదారు సైకిళ్లు బయటపడినా, ఫలానాది ఫలానావారిదని చెప్పే ముక్క ఒక్కటీ కాగితం మీద ఉండదు.

నంబరు ఉంది. సైకిలును తలకిందులు చేసి సీటు, హ్యాండిల్ మీద నిలబెట్టండి. పెడళ్ల ఇరుసు దూరే పొట్టి అడ్డ గొట్టం పైకి కనబడుతుంది. మెకానిక్కులు దాన్ని బీబీ అంటారు. దాని మీద గుద్దిన అక్షరాలు, అంకెలే ఫ్రేము నంబరు. కొన్ని కంపెనీలు దాన్ని హ్యాండిల్ కింది గొట్టం మీదో, సీటు గొట్టం మీదో, వెనక చక్రం బిగించే చోటో వేస్తాయి. బురద, గ్రీజు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సుద్దముక్క అడ్డంగా రుద్ది, వేలితో పైపైన తుడిస్తే గాడుల్లో తెలుపు నిలిచిపోయి నంబరు తేటగా కనబడుతుంది. పెయింటు మందంగా ఉంటే పల్చటి కాగితం అదిమిపెట్టి పెన్సిలుతో రుద్దండి, నంబరు కాగితం మీదికి దిగుతుంది. 3కూ 8కీ, 5కూ ఎస్‌కూ, సున్నాకూ ఓకూ తేడా పడేది ఇక్కడే. ఒక్క అక్షరం తప్పు రాసినా అది వేరే సైకిలు అయిపోతుంది కాబట్టి చేత్తో రాసుకోవడంతో ఆగకుండా దగ్గరగా ఫొటో తీయండి. గొట్టానికి అంటించిన బార్‌కోడ్ స్టిక్కరును మాత్రం నమ్ముకోవద్దు. చాలాసార్లు అది మోడల్ కోడే, ఆ రకం సైకిళ్లన్నిటికీ ఒకటే. పైగా గోరుతో గీకితే ఊడి వస్తుంది.

ఇంత వివరంగా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, సైకిలుకు ఇంకే గుర్తింపూ లేదు. మోటారు వాహనం కాదు కాబట్టి ఆర్టీవోలో రిజిస్ట్రేషన్ ఉండదు, ఆర్సీ ఉండదు. బీమా చేయించేవాళ్లు మా ఎరుకలో నూటికి ఒకరు కూడా లేరు. గేర్ల సైకిలంటే ఇప్పుడు రూ.15 వేల నుంచి రూ.50 వేల దాకా పలుకుతోంది. కపిలతీర్థం రోడ్డులో తెల్లవారుజామున తొక్కేవాళ్లవి, యూనివర్సిటీ హాస్టళ్ల పిల్లలవి, అపార్టుమెంట్లలో మెట్ల కింద పెట్టినవి అన్నీ ఈ లెక్కలోవే. ఇంటి సామాన్లకు హౌస్‌హోల్డర్ పాలసీ తీసుకున్నవాళ్లు ఒకసారి ఆ కాగితాలు తిరగేయండి, కొన్నిటిలో సైకిలుకు విడిగా ఒక సెక్షన్ ఉంటుంది. హోమ్ లోన్‌తో పాటు బ్యాంకు అంటగట్టే పాలసీ సాధారణంగా కట్టడానికే గానీ సైకిలుకు పనికిరాదు.

పోయిందని తెలిసిన వెంటనే చుట్టుపక్కల సందులు, ఖాళీ స్థలాలు, పక్క బిల్డింగు మెట్ల కింద చూడాలి. ముందు దగ్గర్లో దాచి, చీకటి పడ్డాక తరలించేవాళ్లు ఉంటారు. వాచ్‌మన్ పక్కకు జరిపి ఉండవచ్చు, అదీ అడగండి. తెగిన తాళం కిందపడి ఉంటే పారేయకుండా, అది పడి ఉన్న చోటే ఫొటో తీసి, కవర్లో వేసి స్టేషన్‌లో ఇవ్వండి. తెగిన చోట రెండు వైపుల నుంచి నొక్కినట్టు ఉంటే అది బోల్ట్ కట్టర్ పని, అంటే సిద్ధమై వచ్చినవాడు. తీగలు ఒక్కొక్కటిగా చీలి ఉంటే మామూలు కటింగ్ ప్లయరు. సీసీ కెమెరాలో వెతికేటప్పుడు చేతిలో ఏముందో, ఎంతసేపు అక్కడ నిలబడి ఉంటాడో దీన్నిబట్టి ఒక అంచనా వస్తుంది.

కెమెరా సంగతి ఆలస్యం చేయకూడదు. అంగళ్లలో, అపార్టుమెంట్లలో ఉండే డీవీఆర్‌లు, అంటే కెమెరా దృశ్యాలను దాచే పెట్టెలు, హార్డ్ డిస్క్ నిండగానే పాతదాని మీదే కొత్తది రాసేస్తాయి. కొన్నిటిలో వారం కూడా నిలవదు. ఫుటేజీ చూసేటప్పుడు తెర మీద కనబడే టైమునూ మన ఫోన్ టైమునూ పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. డీవీఆర్ గడియారాలు ఇరవై నిమిషాలు, గంట తేడాగా ఉండటం మామూలే. ఆ తేడా రాసిపెట్టకపోతే పక్క వీధి కెమెరాలో వేరే సమయం వెతుకుతూ కూర్చుంటారు. తెరను ఫోన్‌తో వీడియో తీసి సరిపెట్టుకోవద్దు, అసలు ఫైలునే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని అడగండి. కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి, దాన్ని పోలీసులు తీసుకుంటారు. పోలీసులు వచ్చేదాకా చెరిగిపోకుండా ఉంచమని అంగడి యజమానిని బతిమాలుకోవడమే మన పని.

ఫిర్యాదు రాతపూర్వకంగా, రెండు కాపీలు. కంపెనీ, మోడల్, రంగు, చక్రం సైజు (26, 27.5, 29 అంగుళాలలో ఏదో), ఫ్రేము నంబరు, ఎన్ని గేర్లు, డిస్క్ బ్రేకులా కాదా, చివరిసారి ఎక్కడ ఎన్నింటికి చూశారు, పోయిందని ఎన్నింటికి తెలిసింది. వీటితో పాటు ఆ సైకిలుకే ఉన్న లోపాలు రాయాలి. ఎడమ గ్రిప్పు చిరిగిందనీ, సీటు మార్చామనీ, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మీద ఫలానా చోట గీత ఉందనీ. కొత్తగా రంగు వేసినా గీతలు, సొట్టలు మిగులుతాయి. బిల్లు, ఫొటోలు జతచేసి, రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి.

విలువ ఎంత రాస్తామన్నది చిన్న విషయం కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్. పోయినదాని విలువ రూ.5 వేలలోపు ఉంటే అది పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం కిందికి రాదు, మేజిస్ట్రేటు అనుమతి కావాలి. "పాత సైకిలే కదా" అని మొహమాటపడి రూ.3 వేలో 4 వేలో రాసేసినవాళ్లు తమ చేతులతో తామే కేసును మూసేసుకుంటున్నారు. ఎక్కువ వేసి రాయమని కాదు. అలాంటి సైకిలు ఇవాళ సెకండ్‌హ్యాండులో ఎంతకు పోతుందో చూసి, తర్వాత వేయించిన సీటు, లైటు, పెడళ్లు కూడా కలిపి ఉన్నదున్నట్టు రాయాలి. ఇంట్లోంచి ఎత్తుకెళితే అది 305వ సెక్షన్, శిక్ష ఏడేళ్ల దాకా ఉంటుంది. అందుకే సైకిలు ఇంటి లోపల ఉందా, బయట వీధిలో ఉందా అన్నది కచ్చితంగా రాయాలి.

అలిపిరి స్టేషన్‌కు వెళితే వెస్ట్ స్టేషన్‌కు, అక్కడికి వెళితే రైల్వే పోలీసుల దగ్గరకు పొమ్మంటారేమో అన్న భయం అక్కర్లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం దొంగతనం ఏ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. కొన్నిచోట్ల పిటిషన్ తీసుకుని "చూస్తాంలే" అని పంపేస్తారు. పిటిషన్ వేరు, ఎఫ్ఐఆర్ వేరు. ఎఫ్ఐఆర్ కట్టనంటే అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపవచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరకూ వెళ్లవచ్చు. సోమవారాల్లో ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వడం అన్నిటికన్నా సులువు. కేసు కట్టాక దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు చెప్పాలని కూడా చట్టంలో ఉంది.

ఇక వెతకడం. సైకిలు ఫొటో, ఫ్రేము నంబరు ముందుగా అందాల్సింది రిపేరు అంగళ్లకు. దొంగసొత్తు ఏదో ఒక రోజు తాళం కోయించడానికో, రంగు మార్చడానికో మెకానిక్ చేతికే వస్తుంది. బీబీ దగ్గర గ్రైండర్ పెట్టిన గీతలు, అక్కడొక్కచోటే కొత్త పెయింటు ఉంటే అనుమానించాల్సిందే. చిత్తూరులో పోయినవాళ్లు వేలూరు, కాట్పాడి వైపు కూడా విచారించాలి, సరిహద్దు దాటడానికి గంట చాలు. ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లలో కంపెనీ పేరుతోనే వెతికితే దొరకదు. "గేర్ సైకిల్", "ఎంటీబీ", "29 ఇంచెస్" అని రకరకాలుగా కొట్టి చూడాలి, చుట్టుపక్కల ఊళ్లు కూడా కలిపి. దొరికిందనిపిస్తే ప్రకటనను, అమ్మేవాడి ప్రొఫైల్‌ను లింకుతో సహా స్క్రీన్‌షాట్ తీసి, కొనేవాళ్లలా మాట్లాడి బీబీ అడుగు ఫొటో అడగండి. నంబరు కలిసిందా, అక్కడితో ఆగి దర్యాప్తు అధికారికి చెప్పండి. ఒంటరిగా వెళ్లి లాక్కురావాలని చూస్తే దెబ్బలైనా తగులుతాయి, లేదంటే ఎదురు కేసైనా పడుతుంది. ఎయిర్‌ట్యాగ్ (సైకిలు ఎక్కడుందో ఫోన్‌లో చూపే చిన్న బిళ్ల) పెట్టుకున్నవాళ్లకూ ఇదే మాట. దాన్ని గొట్టం లోపల పెడితే లోహం సిగ్నల్‌ను అడ్డుకుంటుంది, సీటు అడుగునో బాటిల్ హోల్డరు కిందో మేలు. మీ వెంట తెలియని ట్యాగ్ వస్తోందని కొంతసేపటికి దొంగ ఫోన్‌కూ హెచ్చరిక వెళుతుంది కాబట్టి మొదటి గంటల్లోనే లొకేషన్ పోలీసులకు చూపించాలి.

డబ్బు తీసుకుని టోకెన్ ఇచ్చిన స్టాండులో పోతే కథ వేరు. "పోతే మాకు సంబంధం లేదు" అని బోర్డు పెట్టినంత మాత్రాన వాళ్లు తప్పించుకోలేరు. వస్తువును అప్పగింతగా తీసుకున్నవాడు సొంత వస్తువంత జాగ్రత్తగా చూడాలని 1872 కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. కారు పార్కింగ్‌కు సంబంధించిన తాజ్ మహల్ హోటల్ కేసులో, తమ నిర్లక్ష్యానికి బాధ్యత లేదని యాజమాన్యం ముందే రాసుకుంటే చెల్లదని 2019 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. టోకెన్, ఎఫ్ఐఆర్ కాపీ, బిల్లుతో రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. బీమా లేనివాళ్లకు డబ్బు వెనక్కి రావడానికి ఉన్న గట్టి దారి ఇదొక్కటే. అందుకే టోకెన్‌ను సైకిలుకే తగిలించి వెళ్లకండి, జేబులో పెట్టుకోండి.

సైకిలు దొరికాక కూడా స్టేషన్ నుంచి నేరుగా ఇంటికి రాదు. కోర్టులో తాత్కాలిక కస్టడీకి నాగరిక్ సురక్షా సంహిత 497 లేదా 503వ సెక్షన్ కింద అర్జీ పెట్టుకోవాలి. అక్కడ అడిగేది బిల్లు, నంబరు. సొంతదారు ఎవరో తేలనిదానికి కోర్టు ప్రకటన ఇచ్చి ఆరు నెలలు చూస్తుంది, ఎవరూ రాకపోతే అది ప్రభుత్వానిదవుతుంది. స్టేషన్ ఆవరణల్లో ఎండకు ఎండి వానకు తడిసే సైకిళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. బిల్లు పోయినా పనికొచ్చే ఉపాయం ఒకటుంది. పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, గ్రిప్పు మూత తీసి హ్యాండిల్ గొట్టంలోకి తోయండి. సీటు పిల్లర్ ఊడదీసి సీటు గొట్టంలో ఇంకొకటి వేయండి. నంబరు గీకేసినవాడు కూడా ఆ గొట్టాల లోపల చూడడు.

తాళం గురించి ఒక్క మాట. రూ.200 నంబర్ కేబుల్ తాళం దొంగకు అడ్డు కాదు, సెకన్లలో తెగుతుంది. వెనక చక్రానికి మాత్రమే పడే రింగు తాళమైతే తెంచే పని కూడా లేదు, ఎత్తి ఆటోలో వేసుకుపోతారు. గట్టి యూ లాక్ (U ఆకారపు ఇనుప తాళం) కొని ఫ్రేమునూ వెనక చక్రాన్నీ కలిపి గోడలో పాతిన కమ్మీకి వేయాలి. పైకెత్తితే ఊడే గేటుకు వేయకూడదు. తాళం నేలకు ఆనకుండా ఎత్తులో ఉండాలి, ఆనితే కట్టర్ పిడిని నేలకు అదిమి బలంగా నొక్కే వీలు చిక్కుతుంది. ముందు చక్రం, సీటు చేత్తోనే విప్పే క్విక్ రిలీజ్ లీవర్లు తీసేసి, పానా లేనిదే రాని అలెన్ బోల్టులు వేయించుకోండి.

మీ పత్రిక ద్వారా మేం కోరేవి రెండే. తిరుపతి, చిత్తూరు సైకిలు అంగళ్లవాళ్లు బిల్లు మీద మోడల్ పేరు పక్కనే ఫ్రేము నంబరు కూడా రాసివ్వాలి. ఒక్క నిమిషం పని. పాత సైకిలు కొనేవాళ్లు నంబరు కలిసిన బిల్లు లేకుండా డబ్బు ఇవ్వకూడదు. దొంగసొత్తని తెలిసో, అనుమానించడానికి కారణం ఉండో కొంటే న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. రూ.30 వేల సైకిలును రూ.4 వేలకే ఇస్తానన్నప్పుడు అనుమానానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఇట్లు,
సైకిలు తొక్కేవాళ్లం, బాగుచేసేవాళ్లం కొందరం
తిరుపతి