సీసీ ఒకటే, శక్తి ఒకటి కాదు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ వాహనాల పేజీలో పాత కార్లు కొనేవాళ్లకు సలహాలిస్తూ "1.3 డీజిల్ ఏ వేరియంట్ తీసుకున్నా ఇంజన్ ఒకటే, ఫీచర్లు చూసుకుంటే చాలు" అని రాశారు. ఫియట్ గ్రాండే పుంటో విషయంలో అది తప్పు. ఇలాంటి మాటే ఎవరో చెబితే నమ్మి మా అల్లుడు కిందటేడు ఒక పాత పుంటో కొన్నాడు. అమ్మినతను "టాప్ మోడల్ సార్, ఎమోషన్, తొంభై హార్స్‌పవర్" అన్నాడట.

మొదటి ప్రయాణంలో నేనూ ఉన్నాను. ఐదుగురం, ఏసీ ఆన్. రెండు వరుసల రోడ్డు మీద లారీని దాటబోతే దాని వెనక చక్రం పక్కనే చాలాసేపు ఉండిపోయాం. ఎదురుగా బస్సు కనపడేసరికి అల్లుడు మళ్లీ వెనక్కి తగ్గాడు. "బండిలో ఏదో తేడా ఉంది మామయ్యా" అన్నాడు.

తేడా బండిలో లేదు. ఆర్టీసీ డిపోలో డీజిల్ ఇంజన్లు విప్పిన అలవాటుతో ఇంటికొచ్చి బానెట్ ఎత్తి, టర్బో (పొగ జోరుతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే పరికరం) మీది ప్లేటు గుడ్డతో తుడిచి చూశాను. మామూలు ఫిక్స్‌డ్ టర్బో. అంటే 76 పీఎస్ బండి (పీఎస్ అంటే హార్స్‌పవర్‌కి దాదాపు సమానమైన శక్తి కొలత). డీజిల్‌లో 76 పీఎస్‌ది కూడా ఎమోషన్ పేరుతో వచ్చింది. 90 హెచ్‌పీ అని అమ్మినది వేరు, దాని శక్తి 93 పీఎస్. రెండింటికీ అదే 1248 సీసీ మల్టీజెట్ డీజిల్ ఇంజన్, అవే నాలుగు సిలిండర్లు.

93 పీఎస్ దాంట్లో వేరియబుల్ జామెట్రీ టర్బో ఉంటుంది. టర్బైన్ చుట్టూ చిన్న రెక్కలు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అవి దగ్గరకు జరిగి పొగ వచ్చే దారిని ఇరుకు చేస్తాయి. నీళ్ల పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే ధార ఎలా చిమ్ముతుందో, పొగ అలా జోరుగా వచ్చి టర్బోను తిప్పుతుంది. ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) పెరిగాక రెక్కలు విచ్చుకుని పొగకు దారి వదులుతాయి, అందుకే పై స్పీడులోనూ ఊపు తగ్గదు. ఫిక్స్‌డ్ టర్బోకి ఈ వెసులుబాటు లేదు.

అయితే ఇంకో సంగతీ చెప్పాలి. టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం చూస్తే 76 పీఎస్‌ది 197, 93 పీఎస్‌ది 209 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు). తేడా పన్నెండే. సిటీలో నడిపితే రెండూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి, 2000 ఆర్పీఎం లోపు రెండూ కునుకు తీస్తాయి. హైవే మీద, నిండా మనుషులతో, 3000 దాటాక తెలుస్తుంది అసలు తేడా. పుంటో తేలికపాటి బండి కూడా కాదు, పదకొండు వందల కిలోలు దాటుతుంది. అందుకే ఊళ్లో తిరగడానికే అయితే 76 పీఎస్ చాలు, ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదని నేనే చెబుతాను. కాకపోతే ఏది కొంటున్నామో తెలిసి కొనాలి కదా. మా అల్లుడి బండి ఆర్‌సీలో ఉన్నది 1248 సీసీ ఒక్కటే.

కాబట్టి ఇకపై పాత కార్ల గురించి రాసేటప్పుడు సీసీ పక్కనే పీఎస్, టార్క్ కూడా వేయండి. ఒక లైను చోటు చాలు. మా అల్లుడు బండి మార్చలేదు. లారీ కనపడగానే ముందు మూడో గేరుకు దించుతున్నాడు.

– ఒక రిటైర్డ్ డిపో మెకానిక్