రికార్డుల పెద్దాయనకు దండాలు

చనిపోయిన నాన్న పేరు మీదున్న హౌసింగ్ సొసైటీ సభ్యత్వం అమ్మ పేరుకు మారింది. ముద్ర పడిన కొత్త వాటా పత్రం ఈ మధ్యాహ్నమే చేతికొచ్చింది. ఒళ్లు తూలుతోంది, అయినా పడుకునే ముందే ఇది రాసేయాలి. కర్నూలు వెంకటరమణ కాలనీలో మూడు పడగ్గదుల విశాలమైన ఫ్లాటు, రెండు వైపులా బాల్కనీలు. చూసినవాళ్లు "మీకేం తక్కువ" అంటారు. రికార్డులో పేరు మారకపోతే మాత్రం దాన్ని అమ్మలేం, లోనుకు పెట్టలేం, సర్వసభ్య సమావేశంలో అమ్మకు ఓటుండదు.

తమ్ముడు, చెల్లెలు, బావ అందరూ తిరిగారు. ఇంటివాళ్లకు థాంక్సేంది, తిడతారు.

చెప్పాల్సింది ఆ పెద్దాయన గురించి. సహకార శాఖలో రికార్డు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యారు. మాకు చుట్టం కాదు, మా సొసైటీ సభ్యుడూ కాదు. వేరే ఎవరి పని మీదో సొసైటీ గదికి వచ్చి, గుమాస్తా వాటాల లెడ్జరును బలవంతంగా విప్పుతుంటే చెయ్యి పట్టి ఆపారు. "లాగొద్దప్పా, చినిగితే మళ్లీ రాదు."

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు సొసైటీ గది పాతబస్తీలో ఉండేది. రికార్డులన్నీ నీళ్లలో నానాయి. తర్వాత ఎవరో ఎండలో ఆరేసి బీరువాలో పడేశారు. లెడ్జరు అప్పడాల కట్టలా గట్టిపడింది. విప్పినా లాభం లేదు, రాసింది ఫౌంటెన్ పెన్నుతో. ఆ నీలం సిరా నీళ్లలో కరిగి పేజీ అంతా పాకిపోతుంది. నామినీల రిజిస్టరుదీ అదే గతి. "రికార్డులో మీ నాన్న పేరు లేదు" అని మాకు చెబుతూ వచ్చింది దీని వల్లే.

పెద్దాయన లెడ్జరును పక్కన పెట్టి, "రసీదు పుస్తకాలు యాడ?" అన్నారు. ఆ ప్రశ్న అంతకు ముందు ఏ అధికారీ అడగలేదు. వాటా ధనం కట్టినా, నామినీ పేరు నమోదుకు ఫీజు కట్టినా సొసైటీ రసీదు ఇస్తుంది. పై కాగితం సభ్యుడికి, కార్బన్ కాపీ పుస్తకంలో. కార్బన్ మసి నీళ్లలో కరగదు. పైగా రసీదు రాసేది బాల్ పెన్నుతో, కింది కాగితం దాకా దిగాలని గట్టిగా నొక్కి రాస్తారు. అక్షరం వెలిసినా గాడి మిగులుతుంది.

సంచిలోంచి పాత దినపత్రికలు, ప్లాస్టిక్ స్కేలు, చిన్న టార్చి, భూతద్దం తీశారు. అతుక్కున్న రసీదుల మధ్య స్కేలును మూల నుంచి కాదు, కుట్టు వైపు నుంచి నిదానంగా తోశారు. మూలలు ముందు పొడి పొడి అవుతాయి గనుక అక్కడ మొదలుపెడితే చీలిపోతాయట. విడిన ప్రతి రసీదు కింద ఒక దినపత్రిక ముక్క. అక్షరం కనబడని చోట గది లైటు ఆర్పించి, టార్చిని కాగితానికి ఆనించినట్టు పక్క నుంచి కొట్టారు. అడ్డంగా పడిన వెలుతురులో గాడుల నీడలు లేచి నాన్న ఇంటిపేరు చదవొచ్చింది. దాని కిందే ఇంకో రసీదు: "నామినీ నమోదు", ఎదురుగా అమ్మ పేరు.

అది చాలదని కూడా ఆయనే చెప్పారు. సొసైటీకి ఏటా జరిగే ఆడిట్ రిపోర్టు వెనక సభ్యులవారీ వాటా ధనం జాబితా జతచేసి ఉంటుందని, అది జిల్లా సహకార కార్యాలయంలో వేరేగా ఉంటుంది కాబట్టి వరదకు దొరకలేదని. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టమన్నారు, జిల్లా కార్యాలయాలకు పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. "నకలు కావాలని ఊరికే రాయొద్దు. ఏ సంవత్సరం రిపోర్టు, ఏ అనుబంధం అని రాయి" అన్నారు. అట్లాగే రాశాం, వచ్చింది.

తర్వాత దారి కూడా ఆయనదే. సభ్యత్వం వేరు, యాజమాన్యం వేరు. వాటా పత్రం నామినీ పేరుకు మారుతుంది, సొసైటీకి అంతవరకే పని. 2016లో సుప్రీంకోర్టు ఇంద్రాణి వాహి కేసులో పశ్చిమ బెంగాల్ చట్టం మీద చెప్పింది ఇదే: సొసైటీ నామినీ పేరుకు మార్చాలి, వారసుల హక్కు తేల్చుకునే చోటు వేరు. ఫ్లాటుకు నాన్న పేరున రిజిస్టరైన సేల్ డీడు ఉంది కనుక, వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ పిల్లలకూ సమాన వాటాలు. అమ్మ ఒక్కరి పేరు మీదే ఉండాలంటే పిల్లలు తమ వాటా వదులుకుంటూ హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి, నోటరీతో సరిపెడితే చెల్లదు. ఆ తర్వాతే కార్పొరేషన్‌లో ఆస్తి పన్ను పేరు మార్పు. ఆధార్లో, మరణ ధ్రువపత్రంలో, సేల్ డీడులో నాన్న ఇంటిపేరు మూడు రకాలుగా ఉంటే ముగ్గురు మనుషులైపోతారు, అందుకని "ఒకే వ్యక్తి" అఫిడవిట్ ముందే చేయించారు.

ఇదంతా ఒక తెల్లకాగితం మీద రాసిచ్చారు. ఏ కౌంటరు, ఏ కాగితం, ఎన్ని నకళ్లు, ఎక్కడ సంతకం. అమ్మకు చత్వారమని గమనించి ఒక్కో అక్షరం బొటనవేలి గోరంత రాశారు. మాకు కాదు, అమ్మకు. అన్ని దరఖాస్తుల్లో "మృతుని భార్య" అని తప్ప పేరు కనబడని మనిషికి, పైన ఆమె పూర్తి పేరు, పక్కన "గారికి". ఆ కాగితం చూసే అమ్మ ఏడ్చింది. మేమూ.

డబ్బులిస్తే తోసేశారు. పేరు రాయొద్దన్నారు.

ఇక కడుపు మంట. ఎన్నికలు జరగక పాలకవర్గం గడువు తీరితే దాని బదులు ప్రభుత్వం పెట్టే అధికారి, పర్సన్ ఇన్‌ఛార్జి వస్తారు. ఒకే మనిషి నెత్తిన నాలుగైదు సొసైటీలు, సంతకం దొరకదు. ఒక కార్యాలయంలో ఫ్లాటుకు సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అది 1925 భారత వారసత్వ చట్టం కింద బాకీలకు, డిపాజిట్లకు ఇచ్చేది, ఇంటికి కాదు. ఊరు మునిగిన సంగతి ప్రభుత్వానికి తెలీదా, వరదలో పోయిన కాగితానికి "పోయినట్టు రుజువు" మమ్మల్నే తెమ్మంటారు! తడిసిన రికార్డులను అప్పుడే ఒకసారి స్కాన్ చేయించి ఉంటే ఎంతమంది ఇళ్లకు ఈ తిప్పలు తప్పేవో.

అయ్యో, మరిచాను. విడుదల దస్తావేజులో అవిభాజ్య వాటా (ఫ్లాటుకు స్థలంలో వచ్చే వాటా) గజాలు తప్పు పడితే పట్టుకున్న టైపిస్టు అక్కకు, సర్వర్ పనిచేయక ఆలస్యమైనా భోజనం మానుకుని కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అప్‌లోడ్ చేసిన సచివాలయం అమ్మాయికి, సాక్షి సంతకాలకు వచ్చిన పై అంతస్తు సారుకు, జిరాక్సు షాపు పిల్లోడికి. వాడు వాటా పత్రాన్ని లామినేషన్ చేయనని మొండికేశాడు, మంచి పని చేశాడు. ముందు ముందు వెనక పేజీలో పేరు మార్పు రాసి ముద్ర వేయాలంటే ప్లాస్టిక్ మీద కుదరదు.

ఇంకా వాచ్‌మన్ వాళ్లావిడ. మెయింటెనెన్సు బకాయి లేదని చూపే రసీదులు మా వాకిట్లో పడుంటే ఏరి దాచిపెట్టింది. అవి లేకపోతే నో డ్యూస్ కాగితమే రాదు. కరెంటు మీటరు పేరు మార్పు మిగిలింది, దానికి సోమవారం వెళ్లాలి.