వార్షిక నివేదిక 2023–24: కంచె లోపల, కంచె బయట

సభ్యులందరికీ నమస్కారం.

న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో మన తెలుగు సంఘం పర్యావరణ విభాగం 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు చేసిన పనుల వివరాలివి. పండుగ కార్యక్రమాలు, జమాఖర్చుల సంగతి కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు.

ఈ ఏడాది వెల్లింగ్టన్‌కు కొత్తగా వచ్చి మనలో చేరినవారి కోసం ముందుగా జీలాండియా అభయారణ్యం గురించి కొంచెం చెప్పాలి. కరోరి దగ్గర ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చిన లోయ అది, 225 హెక్టార్లు. దాని చుట్టూ 8.6 కిలోమీటర్ల కంచె 1999లో పూర్తయింది. ఊరి మధ్యలో ఉండి, చుట్టూరా కంచె ఉన్న అభయారణ్యం ప్రపంచంలో ఇదే మొదటిది. కంచె రెండు మీటర్లకు పైగా ఎత్తు ఉంటుంది. సన్నటి జల్లెడ లాంటి వల, ఎక్కేవి జారిపోయేలా పైన వంపు తిరిగిన రేకు, తవ్వేవి దూరకుండా నేలలోకి పరిచిన వల. ఎలుకలు, పోసమ్‌లు (చెట్లెక్కే, పొట్టకు సంచి ఉండే జంతువులు), స్టోట్‌లు (ముంగిస లాంటి చిన్న వేటజంతువులు), పిల్లులు లోపలికి రాకూడదన్నదే ఈ ఏర్పాటంతా. చిట్టెలుకలను మాత్రం పూర్తిగా ఆపలేకపోయారు, ఎర పెట్టి అదుపులో ఉంచుతున్నారు. గేటు దగ్గర మన బ్యాగులు చూసుకోమనేది కూడా ఇందుకే, అనుమానంతో కాదు.

మన పిల్లలతో పగటిపూట వెళ్లిన సందర్శనలు బాగా జరిగాయి. పిల్లలకు అన్నిటికంటే నచ్చింది టువటారా. చూడ్డానికి తొండలా ఉంటుంది కానీ తొండ కాదు, డైనోసార్ల కాలం నాటి వేరే వంశంలో మిగిలిన ఒకే ఒక్క జీవి. 2005లో 70 టువటారాలను ఒక దీవి నుంచి తెచ్చి ఇక్కడ వదిలారు. ప్రధాన భూభాగంలో అవి స్వేచ్ఛగా తిరగడం దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత అదే మొదలు. గూడు వేడిగా ఉంటే మగపిల్లలు పుడతాయని గైడు చెప్పగానే, ఎండలు పెరిగిపోతే ఆడవి ఎక్కణ్ణుంచి వస్తాయని ఒక పాప అడిగింది. శాస్త్రవేత్తల టెన్షన్ కూడా సరిగ్గా అదే. రాత్రి పూట కివీలను (చీకట్లో తిరిగే, ఎగరలేని పక్షులు) చూసే టూర్‌కి మాత్రం చాలామందికి టికెట్లు దొరకలేదు. వచ్చేసారి ముందే బుక్ చేస్తాం.

ఇక ఈ ఏడాది వార్తలు. నగరంలోని మిరమార్ ద్వీపకల్పంలో ఎలుకలు, స్టోట్‌లు, వీజల్‌లు (స్టోట్‌ల లాంటివే, ఇంకా చిన్నవి) లేకుండా పోయాయని 2023 చివర్లో ప్రకటించారు. అక్కడ కంచె లేదు. ఇళ్లు, స్కూళ్లు, విమానాశ్రయం పక్కన ఉన్న మామూలు పేటలు అవి. నగరానికి పడమరనున్న మాకరా కొండల్లో 2022 నవంబరు నుంచి వదిలిన కివీలకు పిల్లలు పుట్టాయని అదే సమయంలో తెలిసింది. ఆ కొండల్లో కంచె లేని చోట కివీ పిల్ల పుట్టడం శతాబ్దం పైబడిన తర్వాత అప్పుడే. ఇవి జీలాండియాలో ఉండే చిన్న చుక్కల కివీలు కావు, పెద్ద జాతి.

ఈ రెండూ కంచె బయట జరిగినవే. కాకా చిలుకల సంగతీ అంతే. 2002 నుంచి కొన్నేళ్లలో లోపల వదిలినవి 14 పక్షులు. ఇప్పుడు ఊళ్లో మన బాల్కనీల మీద వాలుతున్నవి చాలావరకు వాటి సంతానమే. పక్షికి కంచె అడ్డం కాదు. కాబట్టి లోపలి పని అక్కడి వాళ్లు చూసుకుంటున్నారు, మన పని మన పెరట్లో ఉందని ఈ విభాగం అభిప్రాయం. ఫోటోల కోసం వెళ్లే ట్రిప్పులు తగ్గించి ఇళ్ల దగ్గరి పనికి సమయం పెట్టాలని కార్యవర్గానికి రాసి ఇచ్చాం.

అక్కడే గొడవ మొదలైంది. పెరట్లో ఎలుకలను చంపే బోను పెట్టుకుందామన్నప్పుడు సర్వసభ్య సమావేశంలో పెద్దవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. "వినాయకుడి వాహనాన్ని చంపమంటారా?" అని ఒక పిన్నిగారు నిలదీశారు. బతికి ఉండగానే పట్టి కొండల్లో వదిలేద్దామని మరొకరు. ఆ మాటను తేలిగ్గా తీసేయలేదు, చాలాసేపు మాట్లాడుకున్నాం. ఈ దేశంలో మనుషులు రాకముందు, సముద్రపు జీవులను పక్కన పెడితే, క్షీరదాలంటే గబ్బిలాలే. ఎలుకలు పడవల్లో వచ్చాయి, కుందేళ్లను తగ్గించడానికి స్టోట్‌లను 1880లలో మనుషులే తెచ్చి వదిలారు. ఎగరలేని పక్షులు, నేల మీద, చెట్టు తొర్రల్లో గుడ్లు పెట్టే పక్షులు వాటికి సులువుగా దొరికిపోతాయి. ఎలుకను తీసుకెళ్లి కొండల్లో వదిలితే అక్కడి గూళ్లను దానికి అప్పగించినట్టే. ఇంత చెప్పినా అందరూ ఒప్పుకోలేదు, ఒప్పుకోవాలని మేమూ పట్టుబట్టలేదు. ఇష్టమైనవాళ్లే బోను పెట్టుకుంటున్నారు. ఒక్క దెబ్బకు ప్రాణం పోయే రకం, పక్షులు, పిల్లలు చెయ్యి పెట్టలేని చెక్కపెట్టెలో ఉండాలన్నది మాత్రం నియమం. వద్దన్నవాళ్లు చలికాలంలో స్థానిక మొక్కలు నాటే పనికి వచ్చారు. నిజం చెప్పాలంటే వాళ్లే ఎక్కువ చెమటోడ్చారు.

రెండో విషయం తిండి. వాకిట్లోకి వచ్చిన పక్షికి గింజలు వేయడం మనకు అలవాటు, పుణ్యం కూడా. కాకాకు మాత్రం వేయకండి. జీడిపప్పు, బ్రెడ్ తిన్న కాకాలు వాటినే తమ పిల్లలకు పెడితే ఆ పిల్లల ఎముకలు వంకర తిరిగి గూట్లోనే చనిపోతున్నాయి. దాని బదులు నీళ్ల గిన్నె పెట్టి, రోజూ కడగండి. తేనె ఉండే స్థానిక పూలమొక్కలు వేయండి.

పాత ఇళ్లున్నవాళ్లకు మరో మాట. రేకుల పైకప్పుల మీద సీసం తలల మేకులు, సీసం పట్టీలు ఉంటాయి. కాకాలు వాటిని కొరికి విషానికి గురవుతున్నాయి. రూఫ్ రిపేరు ఎలాగూ చేయిస్తుంటే ఆ మేకులు మార్చమని చెప్పండి.

పిల్లులు పెంచేవాళ్లు మైక్రోచిప్ వేయించడం ఇక్కడ నియమం, రాత్రిళ్లు ఇంట్లోనే ఉంచడం మా విన్నపం.

వచ్చే ఏడాది 2022లో వచ్చిన సంఘాల కొత్త చట్టం ప్రకారం మన సంఘాన్ని మళ్లీ రిజిస్టర్ చేయాలి, గడువు 2026 ఏప్రిల్ 5. నియమావళి ముసాయిదాలో పర్యావరణ విభాగానికి విడిగా ఒక క్లాజు పెట్టాలని ప్రతిపాదించాం. బోనుల విషయం అందులో చేర్చాలా వద్దా అన్నది ఓటింగ్‌కు వస్తుంది. విభాగం కన్వీనర్ పదవి ఖాళీ అవుతోంది, ఆసక్తి ఉన్నవాళ్లు సర్వసభ్య సమావేశానికి వారం ముందే పేరు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి, పర్యావరణ విభాగం