తొలేళ్ల రాత్రి మా పులులు ఎందుకు రాలేదంటే

ఏటా మమ్మల్ని పిలిచే వీధి కమిటీల పెద్దలకి, జాతరకి మా పులివేషాలే కావాలని పట్టుబట్టే ఊళ్ళవాళ్ళకి, పెళ్ళి ఊరేగింపులకి కబురు పెట్టేవాళ్ళకి నమస్కారం. ఈ ఏడాది విజయనగరం పైడితల్లి అమ్మవారి పండగలో, సిరిమాను ఉత్సవానికి ముందురోజు తొలేళ్ల రాత్రికి మూడు వీధులకి మాటిచ్చి, సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి రాలేమని చెప్పాను. ఇరవై రెండేళ్ళలో ఇలా జరగడం ఇదే మొదటిసారి. మావాళ్ళు తాగి పడిపోయారన్నది అబద్ధం. ఎక్కువ డబ్బులిస్తామంటే ఏదో పార్టీ ర్యాలీకి వెళ్ళామన్నదీ అబద్ధమే. జరిగింది నా నోటితోనే వినండి.

మా ఆట మీకు తెలుసు గానీ రంగు వేయడం దగ్గరుండి చూసినవాళ్ళు తక్కువ. ముందురోజే ఒళ్ళంతా గొరిగించుకోవాలి. మెడ నుంచి పాదాల దాకా పసుపు పూత, అది ఆరాక నల్ల చారలు, పొట్ట మీద తెలుపు, ఒక్కో మనిషికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆరేదాకా కూర్చోకూడదు, చెయ్యి ఒంటికి తగలకూడదు, అందుకని రెండు పక్కలా కర్రలు పట్టుకుని చేతులు చాచి నిలబడే ఉంటారు. ఆ తర్వాత తెల్లవార్లూ డప్పుకి ఆడాలి, పిల్లిమొగ్గలు వేయాలి, వెనక్కి వంగి నేల మీద నోటు పళ్ళతో అందుకోవాలి. అంత చెమటకి కారకుండా నిలిచేది ఎనామిల్ పెయింటేనని మా గురువుగారి కాలం నుంచీ అదే వాడుతున్నాం.

ఆ పసుపు రంగు పదహారేళ్ళుగా ఒకే కొట్లో కొంటున్నాను. కొట్టు పేరు రాయను. ఎప్పుడూ సీలు ఉన్న డబ్బా, ఇళ్ళ తలుపులకి వేసే రకమే కొనేవాణ్ణి. ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదని 2016లో కేంద్రం నిబంధన పెట్టింది, 2017 నవంబరు నుంచి అది అమల్లో ఉంది. పరిశ్రమల్లో వాడే పెయింట్లకి ఆ నిబంధన వర్తించదు. అన్ని రంగుల్లోకీ పసుపుతోనే భయం ఎక్కువ, ఎందుకంటే పాతకాలం నుంచీ ఆ మెరిసే పసుపుకి కలిపేది సీసం ఉన్న లెడ్ క్రోమేట్. మనిషి ఒంటికి పూసేవాణ్ణి కాబట్టి ఇవన్నీ తెలుసుకుని, డబ్బా తిప్పి చదివి మరీ తెచ్చుకునేవాణ్ణి. ఈసారి రెండు రోజుల ముందు వెళ్తే సరుకు లేదు, రేపు పంపిస్తానన్నాడు. రేపు రాలేదు. సోమవారం పొద్దున పదకొండింటికి కొట్లో కుర్రాడు లేబుల్ లేని ప్లాస్టిక్ డబ్బాలో పోసి తెచ్చాడు. కొట్టు యజమానికి ఫోన్ చేస్తే, "అదే సరుకు గురువుగారూ, పెద్ద డబ్బాలోంచి తీసి పోశాను, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. ఉంది కాబట్టే, మూత తీయగానే ఘాటు కొట్టినా పని మొదలుపెట్టించాను. నేను ఆపి ఉండాల్సింది, ఆ తప్పు నాదే. కానీ మర్నాడు వెళ్ళి ఆ పెద్ద డబ్బా చూస్తే పరిశ్రమల వాడకానికి మాత్రమే అని రాసి ఉంది. గేట్లకీ యంత్రాలకీ కొట్టేది. మేం దాన్ని ఎక్కడ పూసుకుంటామో అతనికి పదహారేళ్ళుగా తెలుసు. మా పిల్లల్ని చూడటానికి ఇవాళ్టి వరకూ రాలేదు. అది తలచుకుంటే నాకు అన్నం సహించడం లేదు.

నలుగురికి పూత అయింది. మా మేనల్లుడు కర్రలు పట్టుకుని నిలబడి, "మావయ్యా, భుజం మండుతోంది" అన్నాడు. "ఆరేటప్పుడు మండుతుంది, ఓర్చుకో" అన్నాను. నా చిన్నప్పుడు నాకూ అదే చెప్పారు. అరగంటకి మోచెయ్యి మడతలో పసుపు పొర చిట్లి, దాని కింద ఎర్రగా చిన్న చిన్న పొక్కులు కనిపించాయి. కొబ్బరినూనె పోసి గుడ్డతో తుడుస్తుంటే వాడు పళ్ళు బిగపట్టాడు గానీ అరవలేదు. నలుగురినీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇప్పుడు బాగానే ఉన్నారు, ఇద్దరికి మచ్చలు ఇంకా మానలేదు.

అప్పటికి టైము నాలుగున్నర. ఇంకా ఏడుగురు ఉన్నారు. పాత డబ్బా అడుగున ఉన్న రంగు ఇద్దరికి సరిపోతుంది. ఊళ్ళో పులి తొడుగులు అద్దెకి దొరుకుతాయి. ఒక కమిటీ పెద్దాయన, "తొడుగు వేసుకునైనా రండి బాబూ, పిల్లలు ఎదురుచూస్తున్నారు" అని రెండుసార్లు ఫోన్ చేశారు. రెండున్నర గంటలు అటూ ఇటూ తిరిగాను. మా ఆవిడ వెళ్ళమంది, డప్పులవాళ్ళు వెళ్దామన్నారు. వెళ్ళలేకపోయాను. కండ కదిలితే చార కదలాలి, వీపు విరిస్తే పులి ఒళ్ళు విరిచినట్టు ఉండాలి, ఆ వీపు కోసమే ఏడాది పొడుగునా పొద్దున నాలుగున్నరకి వ్యాయామశాలకి వస్తాం. గుడ్డ కింద దాన్ని దాచి అదే పేరుతో మీ ముందుకి రావడం నాకు చేతకాలేదు. పొగరన్నారు. అననివ్వండి. మళ్ళీ అదే పరిస్థితి వచ్చినా అదే చేస్తాను. ఆ రాత్రి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంటే మూడు లాంతర్ల కూడలి వైపు నుంచి వేరే బృందం డప్పు వినిపిస్తూనే ఉంది.

ఇక ముందు ఎనామిల్ ఎవరి ఒంటి మీదా పడదు. చర్మానికి వేసుకునే రంగులు తెప్పించాను. వారం రోజులు నా చేతి మీదే వేసుకుని చూశాను, తర్వాత ఒళ్ళంతా పూసుకుని రెండు గంటలు ఆడాను. పొట్ట, వీపు మీద చారలు నిలిచాయి, చంకల దగ్గర, మోకాలి వెనక కారిపోయాయి. అందుకని ఊరేగింపు వెంట కుంచె పట్టుకుని ఒక మనిషి నడుస్తాడు, గంటన్నరకోసారి పది నిమిషాలు ఆగి దిద్దుకుంటాం. తెల్లవార్లూ ఆట ఉండదు, నాలుగు గంటలే. వాన పడితే రంగు నిలవదు, కాబట్టి టార్పాలిన్ వేసిన చోటు మీరే చూపించాలి. ఈ రంగు ఖరీదు ఎక్కువ, మనిషికి కొంత రేటు పెంచక తప్పదు, పాతవాళ్ళకి మాత్రం వచ్చే పీర్ల పండగ దాకా పాత రేటే. తొడుగులు కావాలంటే వేరేవాళ్ళని పిలుచుకోండి, నేనేమీ అనుకోను.

మూడు కమిటీల్లో రెండింటి అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాను. మూడో వీధి పెద్దాయన తీసుకోనన్నారు, వచ్చే ఏడాదికి ఉంచుకోమన్నారు. అయ్యా, ఆడకుండా ఆ డబ్బు నేను ఉంచుకోలేను. ఆదివారం పొద్దున వ్యాయామశాల దగ్గరే ఉంటాను, మీరు రాకపోతే మా మేనల్లుణ్ణి తీసుకుని నేనే మీ ఇంటికి వస్తాను.