విషయం: ఎండకు, తేమకు పాడైన సోలార్ బ్యాటరీ, కంట్రోలర్‌కు వారంటీ ఇవ్వకపోవడంపై ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మాది ములుగు జిల్లా మంగపేట మండలం. గోదావరి వైపు మా మిర్చి చేను ఉంది. అక్కడికి కరెంటు లైన్ లేదు. రాత్రిపూట కల్లం కాపలాకు లైట్లు, ఒక ఫ్యాను, అడవి పందులు రాకుండా చేను చుట్టూ సోలార్ కంచె నడవాలని మీ దగ్గర ప్యానెళ్లు, ట్యూబులర్ బ్యాటరీ (లెడ్ యాసిడ్ రకం), బ్యాటరీకి ఎక్కే ఛార్జింగ్‌ను అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ కొన్నాం. రెండో వానాకాలం దాటకముందే బ్యాటరీ, కంట్రోలర్ రెండూ పోయాయి. మీ టెక్నీషియన్ వచ్చి చూసి, "ఎండ, తేమ వల్ల డ్యామేజ్, వారంటీ రాదు" అని కాగితం మీద రాసి వెళ్లిపోయారు.

ఎండ, తేమ మేం తెచ్చిపెట్టినవి కావు. మే నెలలో ఈ వైపు 45 డిగ్రీల దాకా ఎండ కాయడం కొత్తేమీ కాదు. వాన సంగతికొస్తే, 2023 జులైలో మా జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. ములుగులో అమ్మే సరుకు ములుగు ఎండావానలకు ఆగాలి. ఆ రెండింటినీ వారంటీలోంచి తీసేస్తే ఇక మిగిలేదేముంది?

అసలు తప్పు బిగింపులోనే ఉంది. బ్యాటరీ, కంట్రోలర్ పెట్టిన ముదురు రంగు ఇనుప డబ్బాను పడమటి గోడకు, షెడ్డు రేకుల కిందనే బిగించింది మీ మనుషులే. వేపచెట్టు నీడ వైపు పెట్టమని మేం అడిగితే కేబుల్ సరిపోదన్నారు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ డబ్బాలో థర్మామీటర్ పెడితే 50 దాటింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. ఆపైన ప్రతి 10 డిగ్రీలకు అది దాదాపు సగానికి పడిపోతుందని మీ రంగంలో అందరికీ తెలుసు. అంత వేడిలో ఛార్జింగ్ వోల్టేజీ తగ్గాలి, అందుకోసమే కంట్రోలర్‌కు టెంపరేచర్ సెన్సర్ పెట్టాలని మీ మాన్యువల్‌లోనే ఉంది. మా కంట్రోలర్‌లో ఆ సెన్సర్ పాయింటు ఖాళీగానే ఉంది, వైరే కలపలేదు. 14.4 వోల్టులకు బదులు 14 లోపే ఆగాల్సిన రోజుల్లోనూ పూర్తి వోల్టేజీ ఎక్కుతూనే ఉంది. దాంతో బ్యాటరీలో నీళ్లు ఎంత పోసినా ఇగిరిపోయేవి.

తేమ విషయం ఇంకా ఘోరం. డబ్బా మూత తెరిస్తే లోపలివైపు చెమట పట్టినట్టు నీటి బొట్లు. టెర్మినళ్ల మీద తెల్లని, పచ్చని పొడి. కంట్రోలర్ బోర్డు మీద రాగి గీతలు పచ్చబడి, ఒకచోట తెగిపోయాయి. కేబుల్ పైనుంచి లోపలికి దించారు కాబట్టి వాననీళ్లు దాని వెంటే జారాయి. వేడెక్కిన డబ్బా వాన పడగానే చల్లబడి, సందుల్లోంచి తడి గాలిని లోపలికి లాగుతుంది కూడా. అన్నిటికన్నా బాధ కలిగించేది, బ్యాటరీనీ కంట్రోలర్‌నూ ఒకే డబ్బాలో మూసి పెట్టడం. ఛార్జింగ్‌లో వచ్చే యాసిడ్ ఆవిరి బోర్డును తినేస్తుంది, అప్పుడే పుట్టే హైడ్రోజన్ అనే మండే గ్యాసు బయటికి పోయే దారి లేదు. చిన్న నిప్పురవ్వ చాలు, కల్లంలో పడుకున్న మనుషుల ప్రాణం మీదికి వచ్చేది.

కాబట్టి బ్యాటరీ, కంట్రోలర్ రెండూ ఉచితంగా మార్చండి. ఈసారి బ్యాటరీని నీడలో, నేలకు ఎత్తుగా, గాలి ఆడే డబ్బాలో పెట్టండి. కంట్రోలర్‌కు వేరే డబ్బా ఉండాలి, కేబుల్ కిందికి వంపు తిరిగి అడుగు నుంచి లోపలికి వెళ్లాలి. సెన్సర్ తప్పకుండా కలపండి. డబ్బాలకు తెల్ల రంగు వేయించండి.

మిర్చి కోతలు మొదలైతే రాత్రంతా కల్లం దగ్గరే ఉండాలి. చీకట్లో పాముల టెన్షన్, పందుల టెన్షన్ మాకే తెలుసు. అందుకే 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఫొటోలు, బిల్లు, మీ టెక్నీషియన్ రాసిన కాగితం జత చేస్తున్నాను.

మా చుట్టుపక్కల రైతులకు కూడా మీరు ఇలాంటి డబ్బాలే బిగించారు. వాళ్లవి పాడయ్యేదాకా ఆగకుండా, వచ్చే ఎండాకాలానికి ముందే మనిషిని పంపి సరిచేయించండి.

ఇట్లు,
మీ కస్టమర్,
మంగపేట మండలం, ములుగు జిల్లా