పురుగుమందు కేసుల రక్తపరీక్షలు మెట్ట ఆసుపత్రుల్లోనే జరగాలి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేసి విరమణ పొందినవాణ్ణి. ఒక సాయంత్రం, పొగాకులో లద్దెపురుగుకు మందు కొట్టి ఎదురుగాలికి ఒళ్లంతా తడిసిన కూలీ ఒకాయన్ను ఆటోలో తీసుకొచ్చారు. నోట చొంగ కారుతోంది, కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోయాయి. ఆయన భార్య మందు డబ్బాను తువ్వాలులో చుట్టి వెంట తెచ్చింది. డాక్టరు గారు వెంటనే అట్రోపిన్ మొదలుపెట్టారు. అదే సరైన పద్ధతి, పరీక్ష కోసం విరుగుడు ఆగకూడదు. అయితే ఇక్కడే ఉంచుదామా, నెల్లూరు పంపుదామా అని ఆయన నన్ను అడిగినప్పుడు చెప్పడానికి నా దగ్గర ఒక్క అంకె కూడా లేదు. పురుగుమందు విషం ఎంత పనిచేసిందో రక్తంలో చూసే కోలినెస్టరేజ్ పరీక్ష కిట్టు గడువు తీరి మూడు నెలలైంది.

ఉదయగిరి నుంచి నెల్లూరుకు సుమారు వంద కిలోమీటర్లు. అంత దూరం ఎవరిని పంపాలి, ఎవరిని ఎంత త్వరగా పంపాలి అన్నది తేల్చుకోవడానికి రక్తం కొంత సాక్ష్యం చెబుతుంది.

ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందులు నరాల పనికి అవసరమైన కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. రక్తరసిలోని కోలినెస్టరేజ్‌ను కొలవడం తేలికే కానీ, ఒక్కసారి చూసిన అంకెను నమ్మి రోగి భవితవ్యం చెప్పడం పొరపాటు. కాలేయ జబ్బులోనూ, పోషకాహార లోపంలోనూ, గర్భిణుల్లోనూ అది తక్కువగానే ఉంటుంది. పైగా అదే అంకెకు ఒక్కో మందులో ఒక్కో అర్థం ఉంటుంది కనుక ఆ ఇల్లాలు డబ్బా తేవడం ఎంతో మేలు చేసింది. ఎర్రకణాల్లోని ఎంజైము తీవ్రతను మరింత దగ్గరగా చూపుతుంది, కానీ తీసిన రక్తాన్ని వెంటనే చల్లబరచకపోతే గొట్టంలోనే విషం తన పని కొనసాగించి అంకెను తప్పుగా చూపిస్తుంది. అందుకే కిట్టుతోపాటు ఐసు, నేర్పుగల చెయ్యి కూడా కావాలి. వీటికి తోడు, ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్, రక్తంలోని ఆమ్లత్వం కొన్ని గంటల తేడాతో రెండుమూడుసార్లు చూస్తే మనిషి తేరుకుంటున్నాడో దిగజారుతున్నాడో తెలుస్తుంది. మొదటి ప్రమాదం గడిచాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, మెడ ఎత్తలేని నీరసంతో మొదలై ఊపిరి కండరాలు చచ్చుబడే దశ కూడా ఉంది. గండం గడిచిందని ఇంటికి పంపేయకూడదని చెప్పడానికే ఈ మాట.

గడ్డిమందు పారాక్వాట్ సంగతి వేరు. దానికి విరుగుడు లేదు. వచ్చిన పూట రోగి మాట్లాడుతూనే ఉండవచ్చు. క్షార ద్రావణంలో అప్పటికప్పుడు కలిపిన సోడియం డైథయోనైట్ అనే రసాయనాన్ని రోగి మూత్రంలో వేస్తే, అందులో పారాక్వాట్ చాలినంత ఉన్నప్పుడు గొట్టం నీలంగా మారుతుంది. ఆ నీలిరంగు కళ్లారా చూశాక మరిచిపోవడం కష్టం. అటువంటి రోగికి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ త్వరగా పెరగడం కీడుకు సూచన. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప ఆక్సిజన్ పెట్టకపోవడమే మంచిది, అది ఊపిరితిత్తుల నష్టాన్ని పెంచుతుంది. ఇంత చవకైన పరీక్ష మారుమూల ఆసుపత్రిలో లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

అయ్యా, మెట్ట ప్రాంత ఆసుపత్రుల్లో కోలినెస్టరేజ్, లాక్టేట్, క్రియాటినిన్ పరీక్షలు రాత్రిపూట కూడా జరిగేలా, కిట్ల గడువు నెలనెలా చూసేలా, టెక్నీషియన్లకు తర్ఫీదు ఇచ్చేలా ఉత్తర్వులివ్వండి. రిఫర్ చీటీలో మందు పేరు, అట్రోపిన్ మోతాదు, ప్రతి రక్తపరీక్ష అంకె, రక్తం తీసిన సమయం రాసే గడులు ముద్రించండి. ఆ కూలీ దారిలో ఊపిరి మందగించి, పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికాడు. నాటి చీటీలో ‘పాయిజన్’ అన్న ఒక్క మాటే ఉంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా.