జీలుగ విత్తనం రోహిణి కార్తెలోనే అందాలి

సంపాదకుడు గారికి,

నేల సారం కాపాడే పద్ధతులకు రాయితీ ఇస్తున్నా రైతులు ముందుకు రావడం లేదన్న మాట రైతు వేదికల్లో తరచూ వినిపిస్తోంది. నల్లగొండ జిల్లాలో బోరు కింద మూడెకరాల వరి వేసే నేను ఆ మాట ఒప్పుకోలేను. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం 2015లో మొదలైనప్పుడు చెరువు మట్టి ఉచితమే గానీ, చేనికి తోలుకునే ఖర్చు రైతుదే. అయినా మా చెరువు కట్ట మీద తెల్లవారకముందే ట్రాక్టర్లు బారులు తీరేవి. చల్క (ఎర్ర ఇసుక నేల) భూములవాళ్లు అప్పు చేసి మరీ తోలుకున్నారు. ఎండాకాలం కావడంతో చేలూ ట్రాక్టర్లూ ఖాళీగా ఉండి, పని అదునులో పడింది. ఎరువు కోసం గొర్రెల మందను చేలో ఆపించుకోవడానికైతే ఏ రాయితీ లేకుండానే నేటికీ డబ్బిస్తున్నాం.

పచ్చిగానే నేలలో కలియదున్నే పచ్చిరొట్ట పైరు జీలుగ దగ్గరే, రాయితీ విత్తనం ఆలస్యంగా వచ్చి అదును తప్పుతోంది. ఎకరాకు 12 కిలోలు చల్లి, 45-50 రోజులకు పూత దశలో కలియదున్నితే సుమారు ఒక యూరియా బస్తాలో ఉండేంత నత్రజని నేలకు చేరుతుంది. జూలై మూడో వారంలో నాటు వేయాలంటే రోహిణిలోనే (మే చివర, జూన్ మొదట్లో) విత్తనం పడాలి. ఒక ఏడాది నాకు జీలుగ బస్తా అందేసరికి ఆరుద్ర కార్తె సగమై జూన్ చివరికొచ్చింది, నారు మొలిచి పచ్చబడింది. అప్పుడు చల్లినా నాటులోగా మోకాలెత్తు కూడా పెరగదని కొట్టంలో పెట్టేశాను. మరుసటి వేసవిలో చూస్తే ఎలుకలు కొరికిన మూల నుంచి గింజలు కారిపోతున్నాయి. లెక్కల్లో మాత్రం నేను రాయితీ వినియోగించుకున్న రైతునే! ఇలా అదును దాటిన రైతు రూ.266.50కి దొరికే 45 కిలోల యూరియా బస్తా వైపే వెళ్తాడు. దాని మీదా రాయితీ ఇస్తున్నది ప్రభుత్వమే కదా.

కౌలు రైతుకు ఆ జీలుగ బస్తా కూడా రాదు, పట్టాదారు పాసుపుస్తకం అడుగుతారు. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన జాతీయ సహజ వ్యవసాయ మిషన్, రసాయనాలు లేని సాగుకు ఎకరాకు ఏటా రూ.4,000 చొప్పున రెండేళ్లు ఇస్తుంది. కానీ మా దగ్గర నోటిమాట కౌలు ఉగాది నుంచి ఉగాది దాకానే. వచ్చే ఏడు ఎవరు దున్నుతారో తెలియని మడిలో సారం పెంచమంటే ఎవరు పెంచుతారు?

మే రెండో వారానికే పచ్చిరొట్ట విత్తనాలు మండలాలకు చేర్చాలనీ, వ్యవసాయ విస్తరణాధికారి ధ్రువీకరణతో కౌలు రైతులకూ అమ్మాలనీ వ్యవసాయ శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వరి రైతు,
నల్లగొండ జిల్లా